అమెరికన్ ఫుట్‌బాల్‌లో వింత ఫార్మేషన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటను మొదటి నుంచీ నేర్పే పేజీ కాదిది. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకెళ్ళాలి, లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది అన్నంత వరకు తెలిస్తే చాలు. ఇక్కడి చర్చంతా బంతి కదలకముందు అఫెన్స్ (బంతి తన దగ్గరున్న) జట్టు పదకొండు మంది ఎక్కడెక్కడ నిలబడతారన్న దాని గురించే.

వింత ఫార్మేషన్ అని దేన్ని అంటారు? మామూలుది ఎలా ఉంటుంది?

బంతి దగ్గర ఐదుగురు భారీ మనుషులు దగ్గరదగ్గరగా వరుసలో వంగి ఉంటారు. మధ్యలో ఉండేవాడు సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, ఆ పక్కన టాకిల్స్. సెంటర్ వెనకాల క్వార్టర్‌బ్యాక్, అతని పక్కనో వెనకో ఒక రన్నింగ్ బ్యాక్, మైదానం అంచుల వైపు ఇద్దరు ముగ్గురు రిసీవర్లు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ మ్యాచుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, లేదా దీనికి చిన్న మార్పులు. ఆ ఐదుగురూ ఒకచోట లేకపోయినా, క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఇంకెవరో ఉన్నా, వెనక ముగ్గురు బ్యాక్‌లు నిలబడ్డా చూసేవాళ్ళు సర్దుకుని కూర్చుంటారు.

అయితే ఈ 'మామూలు' కూడా ఒకప్పటి వింతే. క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌ని ఆనుకుని నిలబడి బంతి అందుకునే టీ ఫార్మేషన్‌ని పాతకాలపు సరుకని చాలా జట్లు వదిలేశాయి. క్లార్క్ షానెసీ అనే కోచ్ దానికి మెరుగులు దిద్ది, 1940లో స్టాన్‌ఫర్డ్‌ని ఒక్క ఓటమి కూడా లేకుండా నడిపించాడు. అదే ఏడాది చికాగో బేర్స్ కోచ్ జార్జ్ హాలస్‌కీ సాయపడ్డాడు. డిసెంబర్ 8న జరిగిన ఫైనల్లో బేర్స్ వాషింగ్టన్‌ని 73-0 తేడాతో ఓడించారు. ఆ స్కోరు చూశాక అందరూ టీ వైపు పరుగెత్తారు.

ఎవరు ఎక్కడైనా నిలబడొచ్చా? రూల్స్ ఏమంటాయి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. మిగతా కథలన్నీ దీనిలోంచే పుడతాయి.

బంతి ఉన్న చోట అడ్డంగా ఒక ఊహారేఖ ఉంటుంది. దాని మీద ఏడుగురు ఉండాలి, మిగతా నలుగురు వెనక ఉండాలి. ఆ ఏడుగురిలో రెండు చివర్లా ఉన్న ఇద్దరికే పాస్ పట్టే హక్కు ఉంటుంది. వెనకున్న నలుగురికీ ఉంటుంది. లైన్ మీద మధ్యలో మిగిలిన ఐదుగురికి లేదు. ఈ హక్కు ఉన్నవాణ్ణి ఎలిజిబుల్ అంటారు. చివర ఉన్నవాడి కంటే బయటగా ఇంకొకడు వచ్చి లైన్ మీద నిలబడితే, లోపలివాడి హక్కు పోతుంది.

దీనికి తోడు జెర్సీ నంబరు. 50 నుంచి 79 వరకు నంబర్లున్నవాళ్ళు మామూలుగా పాస్ పట్టకూడదు. ఎన్ఎఫ్ఎల్‌లో అయితే అలాంటివాడు రిఫరీ దగ్గరకెళ్ళి 'ఈసారి నేను ఎలిజిబుల్' అని చెప్పుకోవాలి, రిఫరీ దాన్ని మైకులో ప్రకటించాలి. పాస్ పట్టాలంటే నిలబడే చోటూ కలవాలి, నంబరూ కలవాలి.

కదలిక మీదా ఆంక్షలున్నాయి. స్నాప్‌కి, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించడానికి, ముందు అందరూ ఒక సెకను కదలకుండా ఆగాలి. ఆ తర్వాత ఒక్కడు మాత్రం కదలొచ్చు, అదీ పక్కకో వెనక్కో, ముందుకి కాదు.

ఎదుటి జట్టుకి, అంటే డిఫెన్స్‌కి, ఇలాంటి బంధనాలు దాదాపు లేవు, ఎక్కడైనా నిలబడొచ్చు. అందుకే అఫెన్స్ కోచ్‌లు రూల్‌బుక్‌ని లాయర్లలా చదువుతారు. వింత ఫార్మేషన్లలో సగం లెక్కల తెలివి, సగం ఈ చదువు.

మొదటి వింత ఎవరిది?

చెప్పుకోదగ్గ తొలి పేరు ఫ్లయింగ్ వెడ్జ్. 1892లో హార్వర్డ్ జట్టు యేల్ మీద ప్రయోగించింది. కనిపెట్టిన లోరిన్ డీలాండ్ ఎన్నడూ ఫుట్‌బాల్ ఆడినవాడు కాదు. చదరంగం, నెపోలియన్ యుద్ధాలు అతని పిచ్చి. రెండు గుంపులు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, బాణం ములికి ఆకారంలో కలిసి ఒకే మనిషి మీద పడేవి. పద్ధతి భయంకరంగా పనిచేసింది, ఎముకలు కూడా భయంకరంగా విరిగాయి. 1894లో నిషేధించారు. లైన్ మీద ఎందరుండాలన్న రూల్స్ ఆ తర్వాతి దశాబ్దాల్లో, ఇలాంటి గుంపుదాడుల్ని ఆపడానికే ఒక్కొక్కటిగా వచ్చాయి.

ఆలోచనతో గెలిచిన తొలి పెద్ద ఫార్మేషన్ సింగిల్ వింగ్. పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్లో పాప్ వార్నర్ దాన్ని తీర్చిదిద్దాడు. అమెరికా మూలవాసుల పిల్లల్ని ఇళ్ళకు దూరం చేసి, వాళ్ళ భాష, ఆచారాలు మాన్పించడానికి ప్రభుత్వం నడిపిన బడి అది. అక్కడి ఆటగాళ్ళు పెద్ద కాలేజీల వాళ్ళకంటే బరువులో తక్కువ. ఎదురెదురుగా గుద్దుకుంటే ఓడిపోతారు కాబట్టి ఒక పక్కకు ఎక్కువ మందిని చేర్చి, బంతిని నేరుగా పరుగెత్తేవాడికే ఇచ్చి, మిగతావాళ్ళంతా అతనికి దారి చేసేవారు. 1912లో జిమ్ థోర్ప్ ఉన్న కార్లైల్ జట్టు ఆర్మీని 27-6తో ఓడించింది. ఆర్మీ తరఫున ఆడినవాళ్ళలో తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ కూడా ఉన్నాడు.

బంతిని నేరుగా పరుగెత్తేవాడికి ఇస్తే వచ్చే లాభమేంటి?

మామూలు పద్ధతిలో క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టి నిలబడిపోతాడు. బంతి ఉన్నవాడొకడు, చూస్తూ ఉన్నవాడొకడు. అంటే అడ్డుకోవడానికి మిగిలింది తొమ్మిది మంది. ఎదురుగా డిఫెన్స్ పదకొండు మంది. బంతి నేరుగా పరుగెత్తేవాడికే వస్తే, ఆ ఖాళీగా నిలబడేవాడి స్థానంలో ఇంకో బ్లాకర్ని పెట్టుకోవచ్చు. సింగిల్ వింగ్ నుంచి వైల్డ్‌క్యాట్ వరకు లెక్క ఇదే.

వైల్డ్‌క్యాట్ అంత హడావిడి ఎందుకైంది?

2007లో మయామి డాల్ఫిన్స్ పదహారు మ్యాచుల్లో ఒక్కటే గెలిచారు. 2008లో మొదటి రెండూ ఓడిపోయారు. మూడోది సెప్టెంబర్ 21న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌తో, వాళ్ళ సొంత మైదానంలో. అప్పటికి పేట్రియట్స్ రెగ్యులర్ సీజన్‌లో వరసగా 21 మ్యాచులు గెలిచి ఉన్నారు. డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ కోచ్ డేవిడ్ లీ అంతకుముందు ఏడాది ఆర్కన్సా యూనివర్సిటీలో పనిచేశాడు. అక్కడ డారెన్ మెక్‌ఫాడెన్ అనే రన్నింగ్ బ్యాక్‌కి బంతి నేరుగా ఇచ్చి ఆడించేవారు. దాన్నే ఇక్కడికి తెచ్చాడు.

అసలు క్వార్టర్‌బ్యాక్ చాడ్ పెన్నింగ్టన్‌ని తీసుకెళ్ళి అంచున రిసీవర్ చోట నిలబెట్టారు. రానీ బ్రౌన్ బంతి అందుకున్నాడు. రికీ విలియమ్స్ ఎదురుగా పరుగెత్తుకుంటూ వస్తే, బంతి అతనికిచ్చాడా, తన దగ్గరే ఉంచుకున్నాడా అన్నది డిఫెన్స్‌కి అర్థమయ్యేలోపే బ్రౌన్ దాటిపోయాడు. పరుగుతో నాలుగు టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం), పాస్ వేసి ఇంకొకటి. 38-13. ఆ సీజన్‌ని డాల్ఫిన్స్ 11 గెలుపులు, 5 ఓటములతో ముగించారు.

తర్వాతి వారాల్లో సగం లీగ్ కాపీ కొట్టింది, చాలావరకు చెడగొట్టింది. బంతి అందుకునేవాడు పాస్ వేయలేడని తెలిశాక డిఫెన్స్ ఎనిమిది తొమ్మిది మందిని ముందుకు తెచ్చి పెడుతుంది. అంచున నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్‌ని ఎవరూ పట్టించుకోరు, అతనికి దెబ్బ తగులుతుందేమోనన్న టెన్షన్ సొంత కోచ్‌కి తప్ప. రెండు మూడేళ్ళలో వైల్డ్‌క్యాట్ అప్పుడప్పుడు కనిపించే ముచ్చటగా మిగిలింది. కానీ నిజంగా పరుగెత్తగల, నిజంగా పాస్ వేయగల క్వార్టర్‌బ్యాక్‌లు దొరికాక అదే లెక్క ఇంకో పేరుతో తిరిగొచ్చింది. లామార్ జాక్సన్ ఆట చూడండి.

విష్‌బోన్ అంటే ఏమిటి? టెక్సస్‌లో దాని పేరు ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారు?

1968లో టెక్సస్ యూనివర్సిటీలో ఎమరీ బెలార్డ్ రూపొందించాడు, హెడ్ కోచ్ డారెల్ రాయల్. క్వార్టర్‌బ్యాక్ వెనక ఒక ఫుల్‌బ్యాక్, అతని వెనక చెరో పక్కన ఒక హాఫ్‌బ్యాక్. పైనుంచి చూస్తే కోడి మెడ దగ్గరుండే చీలిన ఎముకలా ఉంటుంది, పేరూ అదే.

దీని అందం ఎక్కడుందంటే, డిఫెన్స్‌లో ఇద్దరిని కావాలనే ఎవరూ అడ్డుకోకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ వాళ్ళలో మొదటివాణ్ణి చూస్తాడు. వాడు ఫుల్‌బ్యాక్ మీదకొస్తే బంతి వెనక్కి లాక్కుంటాడు, రాకపోతే ఫుల్‌బ్యాక్‌కే వదిలేస్తాడు. లాక్కున్నాక రెండోవాణ్ణి చూస్తాడు. వాడు తన మీదకొస్తే పక్కనున్న హాఫ్‌బ్యాక్‌కి విసురుతాడు, హాఫ్‌బ్యాక్ వైపు వెళితే తానే పరుగెడతాడు. ఇద్దరు మనుషుల్ని తాకకుండానే ఆటలోంచి తప్పించినట్టు. వాళ్ళు ఏం చేసినా తప్పే అవుతుంది.

మొదటి మ్యాచ్ డ్రా, రెండోది ఓటమి. ఆ తర్వాత వరసగా 30 గెలుపులు. 1969లో జాతీయ ఛాంపియన్లు. ప్రత్యర్థులైన ఓక్లహోమా, అలబామా కూడా దీన్నే ఎత్తుకున్నారు.

దీని వారసుడు ఫ్లెక్స్‌బోన్‌ని ఆర్మీ, నేవీ కాలేజీల జట్లు ఏళ్ళ తరబడి ఆడాయి. సైన్యంలో చేరాల్సిన విద్యార్థులు 140 కిలోల లైన్‌మెన్‌గా తయారవలేరు కదా. 2018లో ఓక్లహోమాని వాళ్ళ మైదానంలోనే ఆర్మీ ఓవర్‌టైమ్ దాకా లాగి 28-21తో ఓడింది. 60 నిమిషాల ఆటలో దాదాపు 45 నిమిషాలు బంతి ఆర్మీ దగ్గరే ఉంది. ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రే, ఆ ఏడాది ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచినవాడు, ఎక్కువ సేపు బెంచీ మీద కూర్చుని చూశాడు. నాకు తెలిసి వింత ఫార్మేషన్ వల్ల బలహీనులకు దొరికే మేలు ఇంతకంటే స్పష్టంగా కనిపించిన మ్యాచ్ లేదు, ఓడిపోయినా సరే.

షాట్‌గన్ కూడా వింతేనా? ఇప్పుడు అందరూ ఆడుతున్నారుగా?

ఒకప్పుడు వింతే. 1960లో శాన్ ఫ్రాన్సిస్కో 49ర్స్ కోచ్ రెడ్ హికీ క్వార్టర్‌బ్యాక్‌ని సెంటర్‌కి కొన్ని యార్డులు వెనక నిలబెట్టాడు. 1961లో ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లని మార్చి మార్చి దింపుతూ చెలరేగాడు. చికాగో బేర్స్ వాళ్ళు బిల్ జార్జ్ అనే లైన్‌బ్యాకర్ని (డిఫెన్స్ ముందు వరుస వెనక నిలబడేవాణ్ణి) సెంటర్‌కి ఎదురుగా తెచ్చి నిలబెట్టారు. కాళ్ళ మధ్యనుంచి దూరంగా స్నాప్ వేయాల్సిన సెంటర్ అతన్ని ఆపలేకపోయాడు. 31-0. షాట్‌గన్ పని అయిపోయిందనుకున్నారు. 1975లో డాలస్ కౌబాయ్స్ కోచ్ టామ్ ల్యాండ్రీ, రోజర్ స్టాబాక్‌తో దాన్ని మళ్ళీ బతికించాడు.

ఏ-11 ఫార్మేషన్‌ని ఎందుకు ఆపేశారు?

కాలిఫోర్నియాలో ఓక్లండ్ పక్కన పీడ్‌మాంట్ హైస్కూల్ ఉంది. చిన్న బడి, చిన్న పిల్లలు. 2007లో అక్కడి కోచ్‌లు కర్ట్ బ్రయన్, స్టీవ్ హంఫ్రీస్ హైస్కూల్ రూల్‌బుక్‌లో ఒక కన్నం చూశారు. లైన్ మీద కనీసం ఐదుగురికి 50-79 నంబర్లుండాలని రూలు. కిక్ ఫార్మేషన్‌లో మాత్రం మినహాయింపు. కిక్ ఫార్మేషన్ అంటే, స్నాప్ అందుకునేవాడు ఏడు యార్డులు వెనక ఉండటం. అది నాలుగో ప్రయత్నంలోనే వాడాలని ఎక్కడా రాయలేదు.

అంతే, ప్రతి ఆటకీ ఒకణ్ణి ఏడు యార్డులు వెనక నిలబెట్టి, పదకొండు మందికీ పాస్ పట్టగల నంబర్లు ఇచ్చేశారు. స్నాప్ క్షణంలో నిజంగా ఎలిజిబుల్ అయినవాళ్ళు ఎప్పటిలా ఆరుగురే. కానీ ఆ ఆరుగురెవరో చివరి సెకను దాకా డిఫెన్స్‌కి తెలియదు. చెల్లాచెదురుగా నిలబడ్డవాళ్ళలో ఎవరు లైన్ మీదకు జరిగారు, ఎవరు వెనక్కి తగ్గారు అన్నది పదహారేళ్ళ కుర్రాడు ఒక్క క్షణంలో లెక్కపెట్టాలి. రిఫరీలకూ అదే కష్టం.

2009 ఫిబ్రవరిలో హైస్కూళ్ళ జాతీయ సమాఖ్య మినహాయింపుని నిజమైన కిక్ సందర్భాలకే పరిమితం చేసింది, కన్నం పూడింది. రూల్ రాసినవాళ్ళ ఉద్దేశాన్ని ఎగతాళి చేశారని కొందరు కోచ్‌లకి కోపం. నాకైతే, రాసి ఉన్నదాన్ని పాటించినవాణ్ణి మోసగాడనడం అన్యాయం అనిపిస్తుంది. రూలు మార్చడం మాత్రం సరైనదే.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనోల్లో పిల్లలు మార్చింగ్ బ్యాండ్‌లో ఉన్నారని శుక్రవారం రాత్రి స్టేడియానికెళ్ళే తెలుగు తల్లిదండ్రులకి ఒక మాట: ఏ-11 అక్కడ ఎప్పుడూ కుదిరేది కాదు. టెక్సస్ ప్రభుత్వ హైస్కూళ్ళు జాతీయ సమాఖ్య రూల్స్ కాకుండా కాలేజీ రూల్స్ ఆధారంగా ఆడతాయి, వాటిలో ఆ కన్నం లేదు.

పాస్ పట్టే హక్కు లేని టాకిల్స్‌ని దూరంగా అంచున నిలబెట్టడం ఎందుకు?

దాన్ని ఎమరీ అండ్ హెన్రీ అంటారు. వర్జీనియాలో ఆ పేరుతో ఉన్న చిన్న కాలేజీ జట్టు 1950ల్లో ఆడేది, ఫ్లోరిడా కోచ్ స్టీవ్ స్పరియర్ ఆ పేరుతోనే దేశమంతటికీ పరిచయం చేశాడు. మధ్యలో సెంటర్, ఇద్దరు గార్డులు, క్వార్టర్‌బ్యాక్, ఒక బ్యాక్. చెరో పక్క దూరంగా ఒక టాకిల్, ఇద్దరు రిసీవర్లు. పక్కనున్న గుంపు ఎదుట డిఫెన్స్ తక్కువైతే బంతిని వెంటనే అటు విసిరి, టాకిల్‌ని ముందు పెట్టుకుని పరుగెడతారు. అటు మనుషుల్ని పంపితే మధ్యలో ఖాళీ. చిక్కల్లా క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడటానికి ముగ్గురే మిగలడం, కాబట్టి బంతిని చేతిలో పట్టుకుని ఆలోచించే వీల్లేదు.

2015లో పేట్రియట్స్ చేసింది మోసమా?

కాదు. జనవరి 10న బాల్టిమోర్ రేవెన్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్. పేట్రియట్స్ 28-14తో వెనకబడి ఉన్నారు. ఐదుగురు లైన్‌మెన్‌కి బదులు నలుగురినే దింపారు. 34 నంబరు షేన్ వెరీన్ రన్నింగ్ బ్యాక్. అతను తాను ఎలిజిబుల్ కాదని రిఫరీకి చెప్పి, రిసీవర్‌లా అంచున నిలబడ్డాడు. టాకిల్ ఉండాల్సిన చోట మైకేల్ హూమనవనూయి నిలబడ్డాడు, అతనేమో ఎలిజిబుల్. డిఫెన్స్ కళ్ళు వెరీన్ మీద, పాస్ వెళ్ళింది హూమనవనూయికి. రిఫరీ ప్రకటించాడు కానీ, విని అర్థం చేసుకుని సర్దుకునే వ్యవధి లేదని రేవెన్స్ కోచ్ జాన్ హార్బా మైదానంలోకి దూసుకొచ్చి పెనాల్టీ తెచ్చుకున్నాడు. పేట్రియట్స్ 35-31తో గెలిచారు. రూల్‌బుక్ చదువుకోమన్నట్టుగా టామ్ బ్రేడీ చురక వేశాడు.

అంతా చట్టబద్ధమేనని లీగ్ తేల్చింది. మార్చిలో రూలు మార్చింది: అలా హక్కు వదులుకున్నవాడు ఇక టాకిల్స్ ఉండే పరిధి లోపలే నిలబడాలి.

ఈ చెప్పుకోవడమనే పద్ధతి ఎంత సున్నితమో డెట్రాయిట్ లయన్స్‌కి 2023 డిసెంబర్ 30న తెలిసొచ్చింది. డాలస్ మీద చివర్లో, టచ్‌డౌన్ తర్వాత చేసే రెండు పాయింట్ల ప్రయత్నంలో 68 నంబరు టేలర్ డెకర్ పాస్ పట్టాడు. కానీ రిఫరీ ఎలిజిబుల్‌గా ప్రకటించింది 70 నంబరు డాన్ స్కిపర్‌ని. పట్టింది చెల్లలేదు, డాలస్ 20-19తో గెలిచింది. డిఫెన్స్‌ని తికమక పెట్టాలని ఎక్కువమందిని రిఫరీ దగ్గరకు పంపితే రిఫరీ కూడా తికమక పడొచ్చు.

అన్నిటికంటే ఘోరంగా చెడిపోయింది ఏది?

2015 అక్టోబర్ 18న ఇండియానాపోలిస్ కోల్ట్స్ చేసింది. దీనిమీద పెద్దగా వాదన ఉండదనుకుంటాను. నాలుగో ప్రయత్నం, మూడు యార్డులు కావాలి, ప్రత్యర్థి మళ్ళీ పేట్రియట్సే. కోల్ట్స్ జట్టంతా ఒక్కసారిగా కుడి పక్కకు వెళ్ళిపోయింది. బంతి దగ్గర గ్రిఫ్ వేలన్, అతని వెనక కోల్ట్ ఆండర్సన్, ఇద్దరే మిగిలారు. పేట్రియట్స్ కంగారుపడి మనుషుల్ని మార్చబోయి పెనాల్టీ ఇచ్చుకుంటే లాభం, లేకపోతే స్నాప్ వేయకుండా ఆగిపోవాలి. అదీ పథకం. వేలన్ స్నాప్ వేసేశాడు. ఆండర్సన్ మీద పేట్రియట్స్ గుంపుగా పడ్డారు. పైగా లైన్ మీద చాలినంత మంది లేరని జెండా కూడా పడింది, పేట్రియట్స్ ఆ పెనాల్టీ వద్దన్నారు. ఎందుకు కావాలి?

ఆ పద్ధతి పేరు స్వింగింగ్ గేట్, అది చెడ్డదేమీ కాదు. టచ్‌డౌన్ తర్వాత అదనపు పాయింటుకి హైస్కూళ్ళు, కాలేజీలు ఎప్పటినుంచో వాడుతున్నాయి. చిప్ కెల్లీ ఉన్నప్పుడు ఆరెగాన్ యూనివర్సిటీకి అది దాదాపు అలవాటు. అవతలి జట్టు సరిగా నిలబడకపోతే రెండు పాయింట్లకి వెళతారు, నిలబడితే మామూలుగా సర్దుకుని కిక్ కొడతారు. బంతి కదిలినా కదలకపోయినా, దానికోసం ప్రాక్టీసులో అవతలి కోచ్ పావుగంట పోగొట్టుకున్నట్టే.

ఎన్ఎఫ్ఎల్‌లో ఇవి ఇంకా ఎక్కువగా ఎందుకు రావు?

సమాధానం కొంత డబ్బు, కొంత సమయం. కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్‌ని విష్‌బోన్‌లో రోజుకి పాతికసార్లు గుద్దించుకోమనరు. డిఫెన్స్‌లో వేగం ఎంతుంటుందంటే, కాలేజీలో ఖాళీగా కనిపించిన మూల ఇక్కడ ఒక్క సెకనులో మూసుకుపోతుంది. వీడియో చూసి వారంలో విరుగుడు కనిపెట్టే సిబ్బంది ప్రతి జట్టుకీ ఉంది. అందుకే దాచిపెట్టి, ఒక్కసారి వాడతారు.

కాన్సస్ సిటీ కోచ్ ఆండీ రీడ్‌కి ఈ సరదా ఎక్కువ. 2020 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో నాలుగో ప్రయత్నం, ఒక్క యార్డు కావాలి. వెనకున్న నలుగురూ ఉన్నచోటే గిరగిరా ఒక చుట్టు తిరిగి స్థానాలు మార్చుకున్నారు, బంతి నేరుగా డేమియన్ విలియమ్స్‌కి వెళ్ళింది, కావలసిన యార్డు వచ్చింది. 1948లో రోజ్ బౌల్ అనే కాలేజీ మ్యాచ్‌లో మిషిగన్ జట్టు ఆడిన ఆట నుంచి తీసుకున్నామని మ్యాచ్ అయ్యాక చెప్పారు. ఆ రోజ్ బౌల్లో మిషిగన్ 49-0తో గెలిచింది. డెబ్బై ఏళ్ళ పాత సింగిల్ వింగ్ కాబట్టే అది కొత్తగా కనిపించింది.

టష్ పుష్ కూడా ఫార్మేషనేనా?

నిలబడే తీరు ఉంది కాబట్టి అవుననే అంటాను. ఫిలడెల్ఫియా ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ సెంటర్‌ని ఆనుకుని ఉంటాడు, వెనక ఇద్దరు ముగ్గురు నిలబడి స్నాప్ పడగానే అతన్ని ముందుకు నెడతారు. బంతి ఉన్నవాణ్ణి వెనకనుంచి నెట్టకూడదన్న రూలుని లీగ్ 2005లో తీసేసింది. దాన్ని ఇంత పద్ధతిగా వాడుకోవడం మాత్రం 2022 నుంచే. చూడ్డానికి నాకు నచ్చదు, 1892 నాటి వెడ్జ్ గుర్తొస్తుంది. కానీ మిగతా జట్లు ప్రయత్నిస్తే ఈగల్స్‌కి వచ్చినంత బాగా రాలేదు, కాబట్టి అందులో పనితనం లేదనలేం. 2025 మేలో గ్రీన్ బే ప్యాకర్స్ నిషేధానికి ప్రతిపాదన పెట్టారు. 32 జట్లలో 24 ఓట్లు కావాలి, 22 పడ్డాయి.

మ్యాచ్ చూస్తూ వింత ఫార్మేషన్‌ని వెంటనే గుర్తుపట్టడం ఎలా?

బంతిని చూడకండి. ముందు సెంటర్ వెనక ఉన్నవాడి నంబరు చూడండి, అతను క్వార్టర్‌బ్యాకేనా? తర్వాత 50-79 నంబర్లవాళ్ళు ఐదుగురూ ఒకచోటే ఉన్నారా చూడండి. ఆ తర్వాత బంతికి ఎడమ పక్క ఎందరు, కుడి పక్క ఎందరు లెక్కపెట్టండి, ఎదురుగా డిఫెన్స్ అదే లెక్కలో ఉందా చూడండి. రిఫరీ మైకులో ఏదైనా నంబరు చెబితే ఆ నంబరువాడు ఎక్కడున్నాడో వెతకండి. నాలుగో ప్రయత్నంలో రెండు మూడు యార్డులే కావాల్సినప్పుడు, టచ్‌డౌన్ తర్వాత పాయింటప్పుడు ఈ పని తప్పకుండా చేయండి. ఫోన్ చూసుకునేది సరిగ్గా అప్పుడే కదా అందరూ.